తప్పింది అనే హక్కు

6 జనవరి 1993, బుధవారం

రంగుల కంపెనీవాళ్లు ఈ డైరీని మా చీరలు కొనే సావుకారి అనంతయ్యకిచ్చారు. ఆయన నాయనకిచ్చాడు, నాయన నాకిచ్చాడు. ఇన్ని చేతులు మారేలోపు సావుకారి మనుమరాలు మొదటి అయిదు పేజీల నిండా ఏనుగులు గీసింది. కాబట్టి నా చరిత్ర ఏనుగుల తర్వాత మొదలవుతుంది.

ఎవరూ చదవరు గనుక నిజమే రాస్తాను. కురుమూర్తి, బి.ఏ., ఇవాళ్టి నుంచి మగ్గం పక్కన కూర్చున్నాడు. గద్వాలలో ఆ చోట మామూలుగా పదేళ్లవాళ్లు కూర్చుంటారు. నేను పన్నెండేళ్లు ఆలస్యంగా చేరాను. మధ్యలో చదువు అడ్డొచ్చింది.

ఇన్నాళ్లూ ఆ చోటు అమ్మది. నిరుడు వానాకాలంలో నాయన కిడ్నీలు రెండూ మూతపడ్డాక అమ్మకు నీళ్ల కాపలా ఉద్యోగం వచ్చింది. రెండు గ్లాసులకు మించి తాగనివ్వొద్దని కర్నూలు డాక్టరు ఆజ్ఞ. నాయన బిందె దగ్గరికి పిల్లిలా పోతాడు; అమ్మ ఎక్కడున్నా చీపురుతో అక్కడ ప్రత్యక్షమవుతుంది. పోలీసుశాఖలో ఇంత చురుకైనవాళ్లు లేరు.

కుట్టు అంచు చీరకు ఇద్దరు కావాలి. గుంటలో కాళ్లు పెట్టి నాయన పత్తి పోగు మోసే నాడె విసురుతాడు. అవతలి పట్టు అంచు నాడె నాది. పత్తి పోగూ పట్టు పోగూ ఒకదాన్నొకటి కావలించుకున్నాకే, వాటిని బిగించే దెబ్బ పడాలి. లేదంటే మొదటి ఉతుకులోనే చీర ఒక దారి, అంచు ఒక దారి.

ఈ ఉద్యోగంలో నాకు నచ్చింది ఒకటే. మా నేతగాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. మగ్గం నడిచినంతసేపు తండ్రీ కొడుకూ లేదు, పెద్దా చిన్నా లేదు. నేసేవాడి చేయి తప్పితే పక్కవాడు "తప్పింది" అనాలి. అన్నాడా, ఎంతటివాడైనా చేయి ఆపాలి, విప్పాలి, కోపం మాత్రం తెచ్చుకోకూడదు. రాజ్యాంగం చదివి పరీక్ష రాసినవాణ్ణి. అందులో ఇంత మంచి హక్కు కనబడలేదు. ఇవాళ రెండుసార్లు వాడుకున్నాను. రెండోసారి అనవసరంగా.

"తప్పలేదుర," అన్నాడు నాయన. "నీ కండ్లు తప్పినయ్."

12 జనవరి, మంగళవారం

మంగళవారం, శుక్రవారం కర్నూలు. మిషన్‌లో నాయన నెత్తురు ఉతికి మళ్లీ ఎక్కించే రోజులు. నిరుడు మొదటిసారి, గొట్టంలో తన నెత్తురు తిరగడం చూసి నాయన మిషన్ నడిపే అతన్ని ఒకటే అడిగాడు: "రంగు పోదు గద సారూ?" గద్వాల పట్టుకు ఇచ్చే భరోసా తన నెత్తురుకూ కావాలి ఆయనకు.

ఉతికిన మర్నాడు నాయన తళతళలాడతాడు. జోకులు వేస్తాడు, సావుకారిని అనుకరిస్తాడు. సోమవారానికీ గురువారానికీ మళ్లీ మాసిపోతాడు. నిన్న మాసిన రోజు. తిన్నావా అని నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ తిన్నానన్నాను. అడిగే తండ్రులు ఎందరికున్నారు.

25 జనవరి, సోమవారం

మా నేతగాళ్ల సొసైటీ మీటింగు. నాయన అందులో డైరెక్టరు. మాసిన రోజు కావడంతో భయపడుతూ వెంట వెళ్లాను.

నాయన లేచి, నూలు సమయానికి అందడం లేదనీ, దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నామనీ తీర్మానం పెట్టాడు. చప్పట్లు. టీ వచ్చింది. టీ తాగాక లేచి అదే తీర్మానం, అవే మాటలతో, మళ్లీ పెట్టాడు. మళ్లీ చప్పట్లు. కార్యదర్శి రెండింటినీ రాసుకున్నాడు. అధ్యక్షుడు బయటికొచ్చి నా భుజం తట్టి, మీ నాయన లెక్క మాట మీద నిలబడేటోళ్లు ఈ కాలంలో తక్కువ అన్నాడు.

మతి తప్పుతున్న మనిషిని దాచడానికి ఇంతకన్నా మంచి చోటు జిల్లాలో లేదు.

అయినా మతి తప్పడమేమిటి. అలిసిపోతున్నాడు, అంతే.

4 ఫిబ్రవరి, గురువారం

హన్మమ్మత్త అమరచింత నుంచి దిగింది. నాయనకు అక్క. చంకలో కోడి, సంచిలో నాలుగు కొబ్బరిబొండాలు, నోట్లో నాలుగు కారణాలు. తమ్ముడి పరధ్యానానికి దిష్టి ఒకటి, చేతబడి ఒకటి, జమ్ములమ్మ మొక్కు బాకీ ఉండటం ఒకటి, నా పెళ్లి కాకపోవడం ఒకటి. నాలుగో దానికి మందు వాళ్ల ఇంట్లోనే ఉంది. పేరు భాగ్యలక్ష్మి. ఎనిమిదిలో చదువు మానేసింది.

మగ్గం పక్కన నన్ను చూసి అత్త నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏం అల్లుడా, బి.ఏ. సదివి పిలగాండ్ల పని చేస్తున్నవా?"

"పిలగాండ్లు దొరుకుతలేరత్తా," అన్నాను. "అందరు బడికి పోతుండ్రు. వాళ్లు గూడ బి.ఏ. అయినంక ఇటే వస్తరు."

కొబ్బరినీళ్లు నాయనకు విషంతో సమానమని డాక్టరు చెప్పి ఉన్నాడు. ఆ మాట చెబితే అత్త ఏడుస్తుంది. అందుకని ఆమె చూడకుండా నాలుగు బొండాలూ నేనే తాగాను. కుటుంబం కోసం ఇలాంటి త్యాగాలు ఎన్నో.

11 ఫిబ్రవరి, గురువారం

ఇవాళ చాలాసార్లు తప్పింది. రెండుసార్లు అన్నాను.

మొదటిసారి చేయి ఆపి విప్పాడు. రెండోసారీ ఆపాడు. కానీ ఎక్కడ తప్పిందో ఆయనకు కనబడలేదు. అంచు మీద వేలు పెట్టి పోగు పోగూ తడుముతూ ఉండిపోయాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నేస్తున్న అంచు అది. చివరికి నేనే చూపించాల్సి వచ్చింది. నా వంక చూసి నవ్వాడు. సావుకారిని చూసి నవ్వే నవ్వు అది. నా వంక ఎప్పుడూ అలా నవ్వలేదు.

మిగతావి ఆయన అన్నానికి లేచినప్పుడు నేనే విప్పి సరిచేశాను. చిన్న సాయం. పక్కింటివాడికైనా చేస్తాం.

15 ఫిబ్రవరి, సోమవారం

ఇవాళ తప్పలేదు.

18 ఫిబ్రవరి, గురువారం

ఇవాళా తప్పలేదు.

తప్పింది అన్నవాడు లేనప్పుడు తప్పు జరిగినట్టా, జరగనట్టా? బి.ఏ.లో మాకు తర్కశాస్త్రం ఒక పేపరు. అందులో నేను బొటాబొటిగా గట్టెక్కాను.

23 ఫిబ్రవరి, మంగళవారం

పోయిన నెల కర్నూల్లో నాయన నెత్తురు సీసాలో పట్టి బొంబాయికి పంపారు. ఆ పరీక్ష ఇక్కడ లేదట. కూలికి వలసపోయే పాలమూరోళ్ల నెత్తురు బొంబాయికి పోవడం కొత్త కాదు. దానికి జవాబు తిరిగి రావడమే కొత్త. ఇవాళ వచ్చింది.

డాక్టరు కాగితం మీద గొంతు బొమ్మ వేసి చూపించాడు. గొంతులో, థైరాయిడ్ వెనకాల, కందిగింజలంత గ్రంథులు నాలుగు ఉంటాయట. ఒంట్లో సున్నం పద్దు, అంటే కాల్షియం లెక్క, చూసుకోవడం వాటి పని. కిడ్నీలు మూతపడ్డాక పద్దు కుదరక, ఆ నాలుగూ హార్మోను మీద హార్మోను వదులుతున్నాయట. అది ఎముకల్లోంచి సున్నం లాగేస్తుంది. ఒళ్లంతా దురద పెడుతుంది. మెదడును మసకబారుస్తుంది. నాకు వెంటనే అర్థమైంది, అచ్చం మా సొసైటీ లెక్కే. మగ్గం ఆగిపోయి ఏడాదైనా నలుగురు డైరెక్టర్లు కూర్చుని తీర్మానాలు చేస్తూనే ఉన్నారు.

హైదరాబాదు వెళ్లి ఆ గింజల్లో మూడున్నర తీయించుకోవాలన్నాడు. మతి పూర్తిగా పాతదానిలా అవుతుందని మాటివ్వననీ, దానికి వేరే కారణాలూ ఉన్నాయనీ, అయినా మేలు ఉండొచ్చనీ అన్నాడు. "ఆలస్యం చేస్తే మాత్రం, ఆపరేషన్‌కు ఒప్పుకునే తెలివి కూడా ఆయనకు మిగలదు," అని మెల్లగా నాతో అన్నాడు.

తర్వాత నాయనకు పరీక్ష పెట్టాడు. వందలోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మన్నాడు. నాయన తొంభై మూడు దగ్గర కూర్చుండిపోయాడు. నేనూ మనసులో చేసి చూశాను. డెబ్బై రెండు దగ్గర నాకూ దారి తప్పింది. ప్రధానమంత్రి ఎవరని అడిగాడు. "ఎవరైతే ఏంది సారూ, నూలు ధర తగ్గిందా?" అన్నాడు నాయన. దానికి మార్కులు వేయాలో వద్దో డాక్టరుకు తెలియలేదు.

ఆపరేషన్ మాటకు నాయన తల అడ్డంగా ఊపాడు. పరేషాన్ ఏమీ లేదు ఆయన ముఖంలో.

"నాకేమైంది సారూ? నా పక్కన మావోడు కూసుంటడు. చేయి తప్పితే తప్పింది అంటడు, అది మా కట్టు. ఎన్ని దినాలాయెనో, ఒక్కపారి గూడ అనలే. అడుగున్రి వాన్ని."

డాక్టరు నా వైపు చూశాడు. నాయన కూడా చూశాడు, గర్వంగా.

"అనలేదు సార్," అన్నాను.

ఇందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు.

24 ఫిబ్రవరి, బుధవారం

రాయడానికి ఏమీ లేదు.

1 మార్చి, సోమవారం

చీర ఒళ్లు అయిపోయింది. కొంగు జనవరిలోనే నేశాం. బట్టతో పాటు కర్రకు చుట్టుకుపోయి అడుగున ఉంది. ఇక కోసి దించడమే. కత్తెర అడుగుతాడని చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

"పట్టు పడుగు తే," అన్నాడు నాయన. "కొంగు అతకాలె."

నోటిదాకా వచ్చింది. ఎంత, మూడక్షరాలు. నాయన వేళ్లు అప్పటికే పత్తి పోగుల కొసలు విడదీస్తున్నాయి. ఉదయం నుంచీ మొదటిసారి ఆయన ముఖం తేటగా ఉంది.

తెచ్చి ఇచ్చాను.

4 మార్చి, గురువారం

అతుకుతున్నాం. పత్తి పోగు కొసకు పట్టు పోగు, వేళ్లతో మెలిపెట్టి, ఒక్కొక్కటీ. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరం. లోకంలో ఇంత శ్రద్ధగా, ఇంత ఓపికగా, ఇద్దరు మనుషులు కలిసి ఒక తప్పు చేసి ఉండరు.

నిన్న ఉతికిన మర్నాడు కదా, ఆయనకే తెలుస్తుందనుకున్నాను. కొత్త చీర ఎత్తుకున్నాం అనుకున్నట్టున్నాడు. ఉతికిన మర్నాళ్లు కూడా ఈ మధ్య సరిగా తెల్లబడటం లేదు.

ఇవాళ రెండుసార్లు నన్ను "విజయా" అని పిలిచాడు. ఆ చోటు అమ్మది కదా, అలవాటు. "ఆఁ" అన్నాను.

8 మార్చి, సోమవారం

కొంగు మీద బుటాలు బాగా వస్తున్నాయి. చాలా బాగా వస్తున్నాయి. ఇది ఒక కొత్త రకం చీర అని నేను అనుకుంటున్నాను. కళల్లో ప్రయోగాలు అవసరం.

13 మార్చి, శనివారం

ఇవాళ నాయన పొద్దున్నే లేచి తానే గడ్డం గీసుకున్నాడు. చాలా రోజుల తర్వాత తెల్లగా ఉతికినట్టున్నాడు. కొంగు మొన్ననే ముగిసింది. కత్తెర తీసుకుని చీర కోసి దించాడు. మడత పెట్టే ముందు పొడుగునా చూసుకోవడం అలవాటు గనుక, ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస పట్టుకుని వాకిట్లోకి నడవమని అమ్మకిచ్చాడు.

అమ్మ నడిచింది. చీర విచ్చుకుంది. అమ్మ చేతిలో కొంగు, నాయన చేతిలో కొంగు. నడుమ నేను, చూడటానికి వచ్చిన పెళ్లిపెద్దలాగా.

నాయన తన చేతిలోది చూశాడు. అమ్మ చేతిలోది చూశాడు. తర్వాత చీరను చూడటం మానేసి నన్ను చూశాడు.

"గిదెవరు నేసిన్రు?"

"నువ్వే నాయినా."

"పక్కనెవరు కూసున్నరు?"

"నేనే."

"తెల్వదా నీకు?"

నాకు వచ్చిన విద్య ఒక్కటే, అదే వాడాను. "కొత్త డిజైన్ అనుకున్న," అన్నాను.

నవ్వలేదు. నా జోకుకు మా నాయన నవ్వకపోవడం ఇదే మొదలు. చీర కొసను మోకాలి మీద పెట్టుకుని అంచు నిమిరాడు. అమ్మ అవతలి కొస పట్టుకుని అక్కడే నిలబడి ఉంది, దించొచ్చో లేదో తెలియక.

"మా తాతకు నేను తప్పింది అన్న. ఏడేండ్లు నాకప్పుడు. మా నాయినకు అన్న. మీయమ్మ నాకు ఎన్నిమాట్లు అన్నదో. అట్ల అన్నన్ని దినాలు మనిషి నేసేటోడురా. నువ్వు నన్ను ముసలి గొడ్డును సూసినట్టు సూసినవ్."

నేనేమీ అనలేదు. అనకపోవడంలో అప్పటికే నాకు మంచి అనుభవం ఉంది.

"అయ్యాల డాక్టరు కాడ గూడ, నువ్వు అనలేదనే గద నేను ఒద్దన్న," అన్నాడు. తర్వాత అమ్మతో అన్నాడు, నాతో కాదు: "ఆ గొంతు కోసే దవాఖానకు ఎన్నడు పోదం? జల్దీ అడుగు. మల్ల మర్సిపోత."

14 మార్చి, ఆదివారం

సావుకారి అనంతయ్య వచ్చి చీర చూశాడు. ముందు నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత దాన్ని అటూ ఇటూ తిప్పి, బొంబాయి ఫ్యాషన్ అని చెప్పి ఎవరికైనా అంటగడతాననీ, ఇలాంటివి ఇంకో పది నేయగలరా అనీ అడిగాడు. మతిమరుపుకు ఆర్డరిచ్చిన మొట్టమొదటి వ్యాపారి.

"తప్పును అమ్మను," అన్నాడు నాయన.

"అయితే నేను కట్టుకుంట," అంది అమ్మ. ఎవరూ కాదనేలోపు తీసుకుని లోపలికి పోయింది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ గద్వాల చీరలకు పక్కన కూర్చోవడమే గానీ కట్టిందెన్నడూ లేదు. మొదటిది, ఆలస్యానికి పరిహారంగా రెండు కొంగులతో వచ్చింది.

25 మార్చి, గురువారం, హైదరాబాదు

కోశారు. మూడున్నర తీశారు, సగం ఉంచారు. కోరం లేదు కనుక ఇక తీర్మానాలు కుదరవు.

జోకు బాగానే ఉంది. చెప్పడానికి ఎవరూ లేరు. నాయనకు ఇంకా తెలివి రాలేదు.

26 మార్చి, శుక్రవారం

తెలివి వచ్చింది. నన్ను చూసి పెదవులు కదిపాడు. గొంతు రాలేదు. నీళ్లు కావాలేమోనని అమ్మ అంది. నా పేరు అయి ఉంటుందని నేను అనుకున్నాను. నర్సు చూసి, నీళ్లే అంది.

అమ్మ ఆ చీర కట్టుకొచ్చింది. ఒక కొంగు భుజం మీద, రెండోది నడుం దగ్గర దోపుకుని. వార్డులో ఇద్దరు ఆడవాళ్లు ఏ షాపులో కొన్నావని అడిగారు. సావుకారికి ఈ సంగతి తెలియనివ్వకూడదు.

12 ఏప్రిల్, సోమవారం

గద్వాల వచ్చేశాం. సున్నం బిళ్లలు గుప్పెళ్లు గుప్పెళ్లుగా మింగిస్తున్నాం. మింగకపోతే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పెదవి అదురుతుంది. ఇన్నాళ్లూ ఎముకల్లోంచి సున్నం పోతోందని గొడవ, ఇప్పుడు నెత్తుట్లో చాలడం లేదని. కర్నూలు రైలు మాత్రం మామూలే. గొంతు బొంగురు. హన్మమ్మత్త వచ్చి, దిష్టి కొంత దిగిందంది.

మతి సంగతి ఏమీ అంతుబట్టదు. ఎక్కువ మాట్లాడడు. మాట్లాడనివాడికి మతి ఉందో లేదో ఎట్లా తెలిసేది?

19 ఏప్రిల్, సోమవారం

గుంటలో దిగే శక్తి నాయనకు ఇంకా లేదు. కాబట్టి పదవులు మారాయి. గుంటలో నేను, పదేళ్లవాళ్ల చోట నాయన. అవతలి అంచు నాడె ఆయనది. నెమ్మదిగానైనా వేస్తాడు.

నేను ఒక పరీక్ష మొదలుపెట్టాను. కావాలని తప్పు నేశాను, పత్తి పోగు పట్టును పట్టకుండానే దెబ్బ వేశాను. గుడ్డివాడికీ తెలుస్తుంది. నాయన అంచు వంకే చూశాడు. ఏమీ అనలేదు.

22 ఏప్రిల్, గురువారం

ఇవాళ ఇంకా పెద్ద తప్పులు చేశాను. ఒకటి సావుకారి దుకాణం నుంచి కనబడేంత తప్పు.

అనలేదు. అన్నానికి లేచి వెళ్లాక నేనే విప్పుకున్నాను. ఇది నాకు అలవాటైన పని.

26 ఏప్రిల్, సోమవారం

అనలేదు.

కనబడక అనడం లేదా? లేక నా మీద జాలితో అనడం లేదా? నేను చేసిందే నాకు చేస్తున్నాడా? రెంటిలో ఏది నయమో ఆలోచిస్తూ కూర్చున్నాను. ఏదీ నయం కాదు. ఎదుటివాడి నోట్లోంచి ఒక్క మాట కోసం ఇలా కూర్చోవడం ఎట్లా ఉంటుందో, ఫిబ్రవరిలో నాకు తెలిసి ఉంటే బాగుండేది.

29 ఏప్రిల్, గురువారం

ఇవాళ మాసే రోజు. పరీక్ష మానేశాను, చేసే ఓపిక లేదు. ఊరికే నేస్తున్నాను, నాకు చేతనైనంత బాగా. కాసేపటికి చేయి కుదురుకుంది కూడా. నేతగాళ్ల వంశం ఎక్కడికి పోతుంది అనుకున్నాను.

"తప్పింది."

బొంగురు గొంతు. ఎక్కడి నుంచో వచ్చిందనుకున్నాను. చేయి ఆపాను, అది కట్టుబాటు. అంచు మీద వెతికాను. పోగు పోగూ తడిమాను. ఎంత చూసినా తప్పు కనబడలేదు. ఆయనే తప్పుగా అన్నాడేమో అన్న భయం పట్టుకుంది. నాయన వంగి వేలు పెట్టాడు. నా వేలికి నాలుగు పోగుల అవతల, ఒక్క పట్టు పోగు పత్తిని పట్టకుండా వదిలేసి ఉంది. నేను చేసినట్టు నాకే తెలియదు.

"మరి మొన్నటివి?" అన్నాను. "పది దినాల నుంచి ఎన్ని తప్పులు నేసిన. ఒక్కటి గూడ అనకపోతివి?"

"గవి నువ్వు కావాలని చేసినవి," అన్నాడు నాయన. "గా దొంగ యేషాలకు నేనెందుకు నోరు నొప్పించుకోవాలె? గిది నిజంగ తప్పింది. ఇప్పు."

నీళ్ల బిందె దగ్గర అమ్మ నవ్వింది. కాపలా మరిచిపోయి ఇటు వచ్చింది. అదే అదనుగా నాయన అటు చూశాడు. అమ్మ చీపురు అందుకుంది.

కోపం తెచ్చుకోకూడదన్నది కట్టుబాటు. సంతోషం గురించి పెద్దలు ఏమీ చెప్పలేదు. అందుకని తల వంచుకుని విప్పడం మొదలుపెట్టాను.

అమ్మ అన్నానికి పిలిచింది కనుక మధ్యలో లేచాను; తిన్నాక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. అన్నం దగ్గర తిన్నావా అని రెండుసార్లే అడిగాడు. మగ్గం మీద ఇంకా వేలెడు మేర విప్పాల్సి ఉంది. నాయన అప్పుడే పోయి పక్కన కూర్చున్నాడు.